గుమ్మానికి అడ్డంగా

నరిన్ కొండల కింద ఆ ఊళ్లో చలికాలమంతా ఆడవాళ్లు జిపార్ అనే ముసలామె ఇంట్లో చేరి ఉన్ని తివాచీలు కుట్టేవారు. వాళ్లు కుడుతుంటే ఆమె నవలలు చదివి వినిపించేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆ కాసేపే ఆమెకు మనుషుల అలికిడి.

మొదటి నవలలో ఒకడు పెళ్లాన్ని పొడిచి చంపుతాడు. ఆ రాక్షసుడి కథ మాకెందుకు, పొయ్యిలో పెట్టమని అందరూ తిట్టిపోశారు. రెండోదాంట్లో ఒకడు మనసుపడ్డ పిల్లను గుర్రం మీద ఎత్తుకొస్తాడు. ఆమె పారిపోకుండా వాడి నానమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. పెద్దదాన్ని దాటితే శాపం కదా, పిల్ల ఆగిపోతుంది, పెళ్లికి ఒప్పుకున్నట్టు తలకు తెల్ల రుమాలు కట్టించుకుంటుంది, చివరికి వాడినే ప్రేమిస్తుంది. ఆ ఘట్టం మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. అక్కడికి రాగానే జిపార్ గొంతు వణికేది. ఎంత ప్రేమోనని అందరూ కళ్లొత్తుకునేవారు. కత్తి పట్టినవాడికీ వీడికీ తేడా ఏమిటని అడగాలని ఆమెకు నోటిదాకా వచ్చేది. అడిగితే మళ్లీ ఇంటికి ఎవరూ రారని మింగేసేది.

చలి తగ్గాక ఒక మధ్యాహ్నం పక్కింటి బూబుష్ పరుగున వచ్చింది. తన కొడుకు అయ్‌పెరి అనే పిల్లను ఎత్తుకొచ్చాడట, పిల్ల రుమాలు విసిరికొడుతోందట, ఇంట్లో ముసలివాళ్లెవరూ లేరట.

"గుమ్మంలో నువ్వే పడుకోవాలి వదినా. ఆ ఘట్టం చదువుతూ ఏడ్చేదానివి, ప్రేమ విలువ నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

జిపార్ వెళ్లి ఆ ఇంటి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. అయ్‌పెరి ఏడుస్తూ వచ్చి, ఆమెను చూసి ఆగిపోయింది. ఒకప్పుడు తననూ ఎత్తుకొచ్చినప్పుడు జిపార్ కూడా సరిగ్గా అలాగే ఆగింది, గుమ్మంలో పడుకున్న అత్తగారి ముందు. తర్వాత నలభై ఏళ్ల కాపురంలో పుస్తకంలోలా ప్రేమ వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

ఆమె లేచి గోడకానుకుని కూర్చుంది.

"వెళ్లు తల్లీ. ఇక్కడెవరూ పడుకోలేదు."

పెద్దది వెళ్లమన్నాక ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పిల్ల చెప్పుల్లేకుండానే బురదలోకి పరుగెత్తింది. కొంప ముంచావు కదే అంది బూబుష్.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆడవాళ్లు బూబుష్ ఇంట్లో చేరారు, జిపార్‌ను పిలవలేదు. గోడ అవతల వాళ్ల నవ్వులు వినిపిస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని ఆ ఘట్టం గొంతెత్తి చదువుకుంది. కథ గుమ్మం దాకా రాగానే పుస్తకం మూసేసి, ముసలమ్మ లేచిందనీ పిల్ల వెళ్లిపోయిందనీ మిగతాది తనే చెప్పుకుంది. ఈసారి గొంతు వణకలేదు. వినడానికి మాత్రం ఎవరూ లేరు.