ఎవరూ ఉండని ఇల్లు

వాష్‌బేసిన్‌లో ఒక్క నీటిబొట్టు కూడా కనపడకూడదు. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెలుతురుకి ఓరగా వంగి మళ్ళీ చూసుకోవాలి. తర్వాత బ్రష్షులూ సబ్బులూ తువ్వాళ్ళూ ఒక బుట్టలోకి. దుప్పట్లు, దిళ్ళు, అత్తయ్య మందుల డబ్బా, అమ్మాయి పుస్తకాలు కారు డిక్కీలోకి. వంటింట్లో వేపుడు వాసన పోయేదాకా ఫ్యాను తిప్పాలి. పోయిన నెల ఇల్లు చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయనకి బాత్రూంలో పొడుగాటి వెంట్రుక ఒకటి కనిపించిందట. ఆ సాయంత్రం మా ఆయన నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు, "వచ్చినవాళ్ళకి నువ్వున్నట్టు తెలియకూడదు. అంతకన్నా నేనేమీ అడగటం లేదుగా" అని. ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చాక వచ్చేవాళ్ళ కారు గేటు ముందు ఆగేదాకా నాకు దొరికేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నలుగురు మనుషుల కాపురాన్ని ఆనవాలు లేకుండా చేసేయగలను. ఇలాంటి విద్య ఒకటి నాలో ఉందని పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగలేదు.

మా ఆయన ఇళ్ళు కట్టి అమ్ముతారు. పెద్ద కంపెనీ ఏమీ కాదు, ఆయనా, ఒక మేస్త్రీ, వాళ్ళ వెనక ఓ పాతికమంది పనివాళ్ళు. ఊరి చివర ఒకే వరసలో పన్నెండిళ్ళు మొదలుపెట్టారు. నాలుగు అమ్ముడుపోయాయి. అయిదోదాని బేరం నడుస్తుండగా వడ్డీలు పెరిగాయి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు ఊడాయి, కుళాయి కట్టేసినట్టు జనం రావడం ఆగిపోయింది. మిగతావి ఎలాగైనా పూర్తి చేయాలని మేమున్న సొంతిల్లు అమ్మేశారు. నన్ను అడగలేదు, చెప్పారు. కొన్నాళ్ళు మోడల్ హౌస్‌లో సర్దుకుందామన్నారు. అంటే ఒకటో నంబరు ఇల్లు, కొనేవాళ్ళకి చూపించడానికి ముస్తాబు చేసి పెట్టినది. సర్దుకోవడం మొదలై ఎనిమిది నెలలు.

ఈ ఇంట్లో అన్నీ చూడ్డానికే. పడగ్గది విశాలంగా కనపడాలని వడ్రంగి చేత మంచం జానెడు పొట్టిగా చేయించారు. ఎనిమిది నెలలుగా మోకాళ్ళు ముడుచుకునే పడుకుంటున్నాను, పొద్దున లేచి కాళ్ళు చాపుకుంటే ఎముకలు కటకటమంటాయి. వంటింటి కిటికీ సంగతి సరేసరి. ప్లాన్ గీసేటప్పుడే చెప్పాను, అది పక్కింటి గోడకి ఎదురుగా వద్దు, వెనకవైపు పెట్టించండి అని. "గీసేది ఇంజనీరు, వండేది నువ్వు. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం" అని నవ్వారు. ఇంజనీరూ నవ్వాడు. నేనిచ్చిన టీ తాగుతూనే నవ్వాడు. ఈ ఇంటికి స్లాబ్ పోసినప్పుడు కాపలామనిషి చెప్పకుండా పోతే మూడు వారాలు పూటపూటా వచ్చి నీళ్ళు పట్టింది నేను. అది ఎవరి పనో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక్కచోట నిలవలేకపోతున్నాను ఈ మధ్య. గది నుంచి గదికి తిరుగుతాను. బయటికి పోదామంటే బయట అంతకన్నా అధ్వాన్నం. టైల్స్ వేసే అతను ఇప్పుడు వ్యానులో కూరగాయలు అమ్ముతున్నాడు, మా వీధికొస్తే నా ముఖం చూడకుండానే తూచి ఇస్తాడు. రంగులు వేసే ఆవిడ, గోడ మీద చెయ్యి పెట్టి చెమ్మ ఉందో లేదో చెప్పేసేది, పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది. మేస్త్రీ రోజూ వచ్చి పని మొదలవుతుందేమోనని ఇసుక కుప్ప పక్కన కాసేపు నిలబడి వెళ్తాడు. ఆ కుప్ప మీద గడ్డి మొలిచింది. ముందే కొన్న నాలుగిళ్ళవాళ్ళు మాతో మాటలు మానేశారు. ధర తగ్గించి బోర్డు పెట్టిన రోజు మూడో ఇంటాయన మా గేటు దగ్గరకొచ్చి, మమ్మల్ని నట్టేట ముంచారు కదమ్మా అని నన్ను అన్నాడు. మా ఆయన లోపలే ఉన్నారు. నన్నే బయటికి పంపారు, ఆడవాళ్ళతో అయితే అతను గట్టిగా మాట్లాడడని.

మొన్న ఆదివారం ఒక జంట వచ్చారు. అమ్మాయి ట్యూషన్‌కి పోయింది, ఎప్పట్లాగే నేనూ అత్తయ్యా పక్కనున్న రెండో నంబరు ఇంట్లోకి పోయి టైల్స్ పెట్టెల మీద కూర్చున్నాం. దానికింకా తలుపుల్లేవు, కిటికీల్లేవు. మాటలన్నీ వినపడతాయి. ఆ భార్య అడిగింది, ఇల్లింత శుభ్రంగా ఎవరుంచుతున్నారని. మా ఆయన తడుముకోలేదు.

"ఇక్కడ ఎవరూ ఉండరండీ. ఒకావిడ వచ్చి తుడిచిపోతుంది."

అత్తయ్య నా వంక చూసి, చూపు నేల మీదికి దించుకుంది. "వాడి అవసరం అలాంటిది" అంది. ఆ అవసరం ఆవిడకీ కొత్త కాదు. మామయ్య కూడా ఇళ్ళు కట్టినాయనే, ఆయన పనివాళ్ళకి ఇరవై ఏళ్ళు వండిపెట్టింది ఆవిడే.

సాయంత్రం నేనడిగాను. గొంతు పెంచలేదు, పెంచితే ఏడుపొస్తుందని భయం. ఆయన విసుక్కోకుండానే జవాబిచ్చారు. "బిల్డరే దివాళా తీసి ఇక్కడ కాపురం పెట్టాడని తెలిస్తే ఒక్కడైనా కొంటాడా? నోటి మాటకి ఇంత బాధేంటి?" ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన గడ్డం మాసిపోయింది, చొక్కా వదులైపోయింది, మేస్త్రీ ఫోన్ చేస్తే ఎత్తకుండా బోర్లా పెట్టేస్తున్నారు. అవన్నీ చూస్తూనే ఉన్నాను. చూసి చూసే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. కానీ ఆ "ఒకావిడ" నా వెంటే తిరుగుతోంది. అంట్లు తోముతుంటే పక్కన నిలబడుతోంది, మంచం మీద నాకన్నా ముందే ముడుచుకుని పడుకుంటోంది.

బుధవారం పదకొండింటికి వస్తామన్న పార్టీ రాలేదు. నేను అప్పటికే అంతా మాయం చేసేసి, అత్తయ్యని రెండో నంబరుకి పంపి, చివరగా హాలు తుడుస్తున్నాను. ఆయన బ్యాంకుకి వెళ్ళారు. తలుపు తోసుకుని, ఆదివారం నేను చాటునుంచి చూసిన ఆవిడ ఒక్కతే లోపలికొచ్చింది. ఆసుపత్రిలో నర్సట, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేనా ఇక్కడ తుడిచేది?"

"నేనేనండీ" అన్నాను.

మా ఆయన మాట నిలబెట్టడానికన్నానో, నిజం కాబట్టే అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ బ్యాగు కింద పెట్టి, "బిల్డర్‌గారి ముందు అడగలేకపోయాను, నువ్వు చెప్పు, ఇల్లెలాంటిది" అంది. చెప్పాను. వంటిల్లు మధ్యాహ్నం ఉడికిపోతుందనీ, కిటికీకి గాలి రాదనీ, వెనక గోడకి ఇంకో కిటికీ కొట్టిస్తే బాగుపడుతుందనీ చెప్పాను. రెండో బాత్రూంలో నీళ్ళు ఒక మూలకి చేరతాయన్నాను. ఆ మంచం చూసి గది కొలుచుకోవద్దన్నాను. ఆవిడ వెళ్ళి దాని మీద వాలి, పాదాలు బయటికి రాగానే పకపకా నవ్వింది. గోడల సంగతి కూడా చెప్పాను, వానాకాలమంతా చూశాను, ఎక్కడా చెమ్మ లేదని. స్లాబ్‌కి మూడు వారాలు నీళ్ళు పట్టారండీ, దానికి ఢోకా లేదన్నాను. ఎవరు పట్టారో చెప్పలేదు. ఇంతసేపు నా మాట ఎవరైనా కూర్చుని విని ఎన్నాళ్ళయిందో అనిపించి, చెప్పాల్సినదానికన్నా ఎక్కువే చెప్పాను.

వెళ్ళబోతూ ఆగింది.

"ఈ ఇల్లు మేం తీసుకుంటే నువ్వే వస్తావా పనికి? నా డ్యూటీలతో నాకు కుదరదు. జీతం ఎంత తీసుకుంటావు?"

అవమానంగా అనిపించి ఉండాలి. ముఖం వేడెక్కిన మాట నిజం. కానీ అది అవమానం కాదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో పనివాళ్ళకి వండాను, స్లాబులు తడిపాను, నాకు తెలియని అప్పులవాళ్ళకి ఆయన ఊళ్ళో లేరని అబద్ధాలు చెప్పాను, మాసిన గోడలూ మాసిన మాటలూ కడిగాను. ఎంత తీసుకుంటావని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడగాల్సిన సంగతని నాకూ తట్టలేదు. ఇంట్లోనే ఉంటావుగా, నీకేం పని అన్నప్పుడు నిజంగానే నాకేం పని అని వెతుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు ముక్కూముఖం తెలియని మనిషి, నా పేరన్నా తెలియకుండా, గుమ్మంలో నిలబడి అడుగుతోంది. ఆలోచించుకుని బిల్డర్‌గారితో కబురు చెయ్యమని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. నేను తుడిచిన నేలనే మళ్ళీ తుడుస్తూ మధ్యాహ్నం దాకా ఉన్నాను.

సాయంత్రం మా ఆయన ఎన్నాళ్ళకో గుమ్మంలోంచే పిలుస్తూ వచ్చారు. వాళ్ళు ఇల్లు తీసుకుంటున్నారట. ఈ డబ్బుతో రెండో నంబరు పని మొదలవుతుంది, మేస్త్రీకి అప్పుడే ఫోన్ చేసేశారట, అవతల అతను ఏడ్చేశాడట. మనం ఆదివారం కల్లా, పని దాదాపు అయిపోయిన అయిదో నంబరులోకి మారిపోదాం, దాన్నే మోడల్ హౌస్ చేద్దాం, నువ్వు నాలుగు రోజుల్లో సర్దేస్తావు అన్నారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నాకూ గుండె నిమ్మళించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఒక్కటే చిక్కు" అని నవ్వడం మొదలుపెట్టారాయన. "ఆ తుడిచే ఆవిడ కూడా కావాలట. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది కాబట్టే నమ్మి కొంటున్నారట. ఏం చెప్పావే బాబూ వాళ్ళకి?" నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డారు. అత్తయ్య నవ్వలేదు. "సర్లే, రేపు అడ్వాన్స్ ఇవ్వడానికి వస్తారు. నువ్వు అమ్మతో ఆ పక్కకి వెళ్ళిపో. ఆవిడ పని మానేసి ఊరెళ్ళిపోయిందని చెప్పేస్తాను."

నేను కనపడితే బేరం తప్పిపోవచ్చు. మేస్త్రీ మళ్ళీ ఇసుక కుప్ప దగ్గర నిలబడాల్సి రావచ్చు. అదంతా నాకు తెలుసు, ఆయనకన్నా బాగా తెలుసు. కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చున్నాను.

"ఊరెళ్ళలేదని చెప్పండి. రేపు ఇక్కడే ఉంటుందనీ, ఆవిడెవరో, జీతమెంతో, రెండూ ఆవిడే చెప్పుకుంటుందనీ చెప్పండి."