పెదవుల దగ్గర ఆగిన పగుళ్లు

శనివారం ఉదయం మా పురపాలక భవనం పై అంతస్తు గదిలో మొదటి పని, పిల్లల ముక్కులను గోడమీద పట్టుకోవడం. ఒకరిని పక్కకు తిప్పి బల్లమీద కూర్చోబెడతాం. ఒకవైపు దీపం, రెండోవైపు గోడకు అంటించిన కాగితం. కాగితం మీద పడిన నీడ అంచు వెంట మరొకరు బొగ్గుతో గీత లాగుతారు. కూర్చున్నవాడు ప్రభువు, గీసేవాడు ఆస్థాన చిత్రకారుడు. ప్రభువు ఏమైనా ఆజ్ఞాపించవచ్చు. చిత్రకారుడు మాత్రం నీడ మాటే వినాలి.

"నా ముక్కు తగ్గించు. ఇది ప్రభువు ఆజ్ఞ!" అన్నాడు జాకోపో.

"కదలకండి ప్రభూ. ఇప్పటికే కాగితం చాలక గోడమీదికి పోతున్నా," అంది తోస్కా.

ఏడుగురు పిల్లలూ ఒకేసారి నవ్వారు. ఇటలీలోని మా మోంతెఫోస్కి ఊరు మొత్తానికి ఆ వయసు పిల్లలు పదకొండుమంది.

ఈ ఆట ఎర్సిలియా కనిపెట్టింది. ఆ గదికి కాపలాదారు ఆమే, టికెట్లు చింపేదీ ఆమే, ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చిత్రకళా చరిత్ర చెప్పేదీ ఆమే. వాళ్లు ఆమెను మాయెస్త్రా అంటారు, అంటే పంతులమ్మ. ఐదున్నర శతాబ్దాల కిందట మా ప్రాంతంలో మనుషుల బొమ్మలు పక్కకు తిరిగి ఎందుకుండేవో ఆమె ఉపన్యాసం ఇవ్వదు. పక్కముఖం ఉన్న పాత రోమను నాణెం అచ్చు ఒకటి పిల్లల చేతికిస్తుంది. "చచ్చాక కూడా మన మొహం చెల్లాలని ఎవరికుండదు చెప్పండి?" అంటుంది. పక్కముఖంలో కూడా పిల్లలు ఎదురుగా చూసే కన్నే పెడతారు. "చేపని పెట్టారేమర్రా? మూడు మూలల జున్ను ముక్క కోసి పెట్టండి కన్ను చోట," అంటుంది. ఆ తరువాత ఆమె నోట ప్రతి వారం వచ్చే మాట: "తెలిసింది కాదు, కనబడింది గియ్యండి."

నేను ముప్పై ఆరేళ్లు సియెనాలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పదకొండేళ్లుగా శనివారాలు ఆమెకు సాయంగా వస్తున్నాను. ఆకుపచ్చ మట్టిని గుడ్డుసొనతో నూరి, సొన ఎండితే ఎందుకు గట్టిపడుతుందో పిల్లలకు చెప్పడం నా వంతు.

ఆ గదికి ప్రాణం ఒకే ఒక్క బొమ్మ. చెక్క పలకమీద తెల్లని మేలిముసుగు వేసుకున్న యువతి, ఎడమవైపు తిరిగి ఉంటుంది. ఊళ్లో అందరూ ఆమెను బియాంకా అంటారు, అంటే తెల్లది. పరీక్షలకు ముందు విద్యార్థులు వచ్చి ఆమె చట్రాన్ని ముట్టుకుని వెళతారు. నేను ఒక ఏడాది లెక్క రాసి చూశాను. ముట్టుకున్నవారూ ముట్టుకోనివారూ ఒకే దామాషాలో తప్పారు. ఆ సంగతి చెబితే ఎర్సిలియా, "మీరు ముట్టుకున్నారా?" అని మాత్రం అడిగింది.

ఆ శనివారం ఆటలో ఎప్పుడూ లేని హడావిడి ఉంది. గురువారం ఫ్లోరెన్సు నుంచి పాత బొమ్మల పరిశీలకురాలు వస్తున్నారు. బియాంకా పదిహేనో శతాబ్దపు బొమ్మేనని ఆమె రాస్తే గది నిలుస్తుంది, శనివారపు తరగతి నిలుస్తుంది. కాదని రాస్తే మేయరు ఆ గదిని యాత్రికులకు ద్రాక్షసారా రుచి చూపించే చోటుగా మార్చేస్తాడు. ఆ మాట ఆయన దాచలేదు. ఎర్సిలియాకు భర్త లేడు, పిల్లలు లేరు. గది పోతే ఏం చేస్తావని ఊళ్లో ఎవరూ ఆమెను అడగలేదు, ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు. పరిశీలకురాలు వచ్చేసరికి పిల్లలు గీసిన బియాంకాలన్నీ అసలు బొమ్మకు రెండు వైపులా వేలాడాలని ఆమె నిర్ణయించింది.

పిల్లలు నేలమీద బోర్లా పడుకుని గీయసాగారు. జాకోపో బియాంకాకు తన ముక్కే పెట్టాడు. "మా వంశమే, అందుకే పరీక్షలో పాసు చేయిస్తుంది," అన్నాడు. తోస్కా మాత్రం తల ఎత్తలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, అందరికన్నా నెమ్మది. బొమ్మ గీయడం అయ్యాక బొమ్మమీది పగుళ్లు కూడా గీయడం మొదలుపెట్టింది, ఒక్కొక్కటీ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకుంటూ.

"బీటలెందుకే? ముసలమ్మని చేస్తావా ఏంటి?" అన్నాడు జాకోపో.

"కనబడుతున్నాయిగా," అంది. కాసేపటికి నా చొక్కా పట్టుకు లాగింది. "ప్రొఫెసర్ గారూ, బీటలు ఆవిడ మూతిలోకి వెళ్లవేంటి?"

"వెళ్లకపోవడమేమిటి?"

"చూడండి మరి. బుగ్గమీద నుంచి వస్తాయి, పెదవి దగ్గర ఆగిపోతాయి. కంటి దగ్గరా అంతే. పక్కనుంచి తిరిగి పోతాయి. మర్యాదగా."

నేను జేబులోంచి భూతద్దం తీశాను.

చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. దానిమీది సుద్దపూత సాగలేదు కనుక పగులుతుంది. ఆ పగులుకు ఏది పెదవో ఏది ముసుగో తెలియదు. మనిషి అందంతో దానికి పనిలేదు. ఇక్కడి పగుళ్లకు తెలుసు. అద్దం కింద అవి పగుళ్లు కావు. వెంట్రుకంత కుంచెతో, గోధుమరంగుతో, చాలా ఓపికగా గీసిన గీతలు. గీసినవాడు ముసుగును చీల్చాడు, మెడను చీల్చాడు, బుగ్గను చీల్చాడు. పెదవి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

తల ఎత్తి చూస్తే ఎర్సిలియా నన్నే చూస్తోంది. "ఏమర్రా, ఇవాళ్టికి చాలు," అని చప్పట్లు చరిచింది.

పిల్లలు మెట్లు దిగిపోయాక ఆమె తలుపు మూసింది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?" అన్నాను.

"తొమ్మిదేళ్లు. రోజూ దుమ్ము తుడిచేదాన్ని, నాకు కనబడదా? మీ సంగతి చెప్పండి. పదకొండేళ్లుగా ఆ అద్దం జేబులో వేసుకుని ఈ గదిలో తిరుగుతున్నారు. ఎప్పుడూ తియ్యలేదేం?"

పరీక్షించనిదాన్ని నమ్మవద్దని ముప్పై ఆరేళ్లు చెప్పినవాణ్ణి. అద్దాన్ని జేబులో వేసుకున్నాను.

"వందేళ్ల కిందటి పనై ఉంటుంది," అంది ఆమె, బొమ్మవైపు తిరిగి. "సియెనాలో కొత్తదాన్ని పాతదిలా గీసే చేతులు చాలా ఉండేవిట. మనవాడే. పరాయివాడైతే ఆ మూతిని కూడా చీల్చేసి హాయిగా అమ్ముకునేవాడు."

"గురువారం మనమే చెప్పేద్దాం. మనం చెబితే గౌరవంగా ఉంటుంది."

"గౌరవంగా తాళం వేస్తారు. అంతేగా?"

"పరిశీలకురాలికి కనబడదనుకుంటున్నారా?"

"పదకొండేళ్లు మీకు కనబడలేదుగా ప్రొఫెసర్ గారూ. ఆవిడ ఒక గంట ఉంటుంది. అందులో అరగంట మేయరు భోజనం పెడతాడు." ఆమె నేలమీది కాగితాలు ఏరుతూ తోస్కా కాగితం దగ్గర ఆగింది. ఆ కాగితం గోడమీదకెక్కితే అసలు బొమ్మను ఎవరూ పరీక్షించనక్కరలేదు. అందులో అంతా రాసి ఉంది.

"దీన్ని పెట్టకండి," అన్నాను.

"అందరివీ పెట్టి దానిదొక్కటే తీసేస్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది?"

బుధవారం మధ్యాహ్నం బడి వదిలాక ఎర్సిలియా తోస్కాను ఒక్కదాన్నే రమ్మంది. నేనూ వెళ్లాను. ఉప్పులేని రొట్టెమీద ఆలివ్ నూనె పోసి పెట్టింది. పిల్ల తింటుంటే కాగితం ఎదురుగా పరిచింది.

"చాలా బాగా గీశావు తల్లీ. ఇదిగో, ఈ బీటల్ని కొంచెం మూతి మీదికి కూడా లాగు."

"అక్కడ లేవు కదా మాయెస్త్రా."

"ఉన్నాయనుకో."

"అనుకుని గియ్యకూడదని మీరేగా చెప్పారు."

"చెప్పాను. ఈ ఒక్కసారికి గియ్యి."

తోస్కా చేతులు గౌనుకు తుడుచుకుని నావైపు చూసింది. వద్దనే ఒక్క మాట చాలు. ఆ మాటకు చోటూ సమయమూ రెండూ ఉన్నాయి. నేను ఆ పిల్ల పెన్సిలు తీసుకుని మొన చెక్కి ఇచ్చాను.

ఆ పిల్ల నాలుగు గీతలు గీసింది. గీస్తున్నంతసేపూ బొమ్మవైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడవలసిన అవసరం లేదు మరి.

గురువారం వచ్చిన పరిశీలకురాలి పేరు వన్నుక్కి. పొట్టి జుట్టు, చప్పుడు చేయని బూట్లు. భోజనం వద్దంది. కిటికీ తలుపులు వేయించి, చిన్న దీపం బొమ్మకు పక్కనుంచి పట్టి నాలుగు నిమిషాలు చూసింది. మొదట చూసింది మూతినే. తరువాత పిల్లల బొమ్మలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. జాకోపో ముక్కు దగ్గర నవ్వింది. తోస్కా కాగితం ముందు చాలాసేపు నిలబడింది. అసలు బొమ్మముందు నిలబడినదానికన్నా ఎక్కువే.

"ఈ పాప ఎవరండీ? అంతా చూసి గీసింది. ఒక్క మూతి దగ్గరే చూడకుండా గీసింది."

ఎర్సిలియా ఆ కాగితం అంచు సవరించింది. "చిన్నపిల్ల కదండీ. తొందరపడింది."

వన్నుక్కి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని, కిటికీ తలుపులు తనే తెరిచి వెళ్లిపోయింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లది, నిపుణమైన హస్తం, అధ్యయనానికి ఉపయోగపడుతుంది, కనుక ఫ్లోరెన్సు గిడ్డంగికి తరలించాలి. అంతే. ఆ ఉత్తరంలో ఎవరిమీదా నింద లేదు. ఇద్దరు మనుషులు వచ్చి బియాంకాను మెత్తటి ఫోములో చుట్టి పెట్టెలో పెట్టి కిందికి దించారు. జాకోపో మెట్లమీద నిలబడి, "జాగ్రత్తండోయ్, మా అత్తయ్య!" అని అరిచాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సిగ్గుపడి ఇంటికి పోయాడు. నవంబరులో గదిలోకి ద్రాక్షసారా పీపాలు వచ్చాయి. ఎర్సిలియాను కింద జనన మరణాల పత్రాలిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నేను రెండుసార్లు వెళ్లాను. "మీకు ఏ పత్రం కావాలండీ?" అని రెండుసార్లూ నిజంగానే అడిగింది.

తోస్కాను నేను మళ్లీ చూసింది డిసెంబరులో, బస్సు ఆగే చోట. సంచీని గుండెలకు హత్తుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ప్రొఫెసర్ గారూ, నేను సరిగ్గా దిద్దలేదనే కదా తీసుకుపోయారు?"

"కాదమ్మా. నువ్వు గీసినదానికీ దానికీ సంబంధం లేదు. ఆవిడ నీ బొమ్మకన్నా ముందే అసలుదాన్ని చూసేసింది. నువ్వు దిద్దినా, దిద్దకపోయినా, అసలు పుట్టకపోయినా అంతే జరిగేది."

చెప్పినదంతా నిజం. కానీ ఒకదాని వెనక ఒకటి జరిగితే మొదటిదే కారణమనుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి మందు, ఆ మొదటిది జరగని లోకాన్ని ఒకదాన్ని తెచ్చి పక్కన పెట్టి చూపించడం. అలాంటి లోకం నా దగ్గర లేదు.

"మరైతే మాయెస్త్రా నాచేత ఎందుకు దిద్దించింది?"

బస్సు వంపు తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఆ పిల్ల సంచీలోంచి లెక్కల పుస్తకం తీసి చివరి పేజీలు తెరిచింది. ప్రతి పేజీ నిండా పెదవులే. వరసలు వరసలుగా, పక్కకు తిరిగిన పెదవులు, వాటిని అడ్డంగా కోస్తూ పగుళ్లు. మొదటి పేజీలలోవి గీతల్లా ఉన్నాయి. పోను పోను సన్నబడ్డాయి, వంకర తిరిగాయి, ఎక్కడ చీలాలో అక్కడ చీలాయి. చివరి పేజీలో చెక్క ఐదువందల ఏళ్లు ఉబ్బి కుంచించుకున్నట్టే ఉంది.

"ఇప్పుడు నిజంలా ఉన్నాయా?" అని అడిగింది.

అద్దం తీసి చూశాను.

"ఉన్నాయి," అన్నాను.