సంచి ఎవరిది?

ఒక్క నిమిషం ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. మూడో తరగతి గదిలో టీచరమ్మకు చెమటలు పడుతున్నాయి. వెనక బెంచీలో పెద్ద మేడమ్ కూర్చున్నారు. టీచరమ్మను ఉద్యోగంలో ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది ఈ ఒక్క పాఠం చూసి తేలుస్తారట.

పాఠం ఊహించడం గురించి. ఊరికే కాదు, ఆధారంతో. టీచరమ్మ పద్ధతి ఏంటంటే, ఎవరిదో చెప్పకుండా ఒక సంచి తెస్తుంది. పిల్లలు ఒక్కో వస్తువూ బయటికి తీసి, కంటికి కనబడినదానికి తమకు ముందే తెలిసినదాన్ని కలిపి, ఆ మనిషెవరో, ఏం చేయబోతున్నారో చెప్పాలి. ఆధారం చూపి సరిగ్గా చెబితే టీచరమ్మ అవునని ఒప్పుకుని తీరాలి. ఇంతవరకూ ఒక్కసారీ మాట తప్పలేదు.

ఈవేళ తేవాల్సింది తోటమాలి సంచి. విత్తనాలు, చేతి తొడుగులు అన్నీ సర్దిపెట్టుకుంది కూడా. కానీ బస్సు పోతుందన్న కంగారులో, కొక్కేనికి వేలాడుతున్న రెండు నల్ల సంచుల్లో చేతికందింది లాక్కొని పరుగెత్తింది.

మొదటి పిల్లాడు చెయ్యి పెట్టి, మడత నలగని ఇస్త్రీ బట్టలు తీశాడు. టీచరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. అది సాయంత్రం ఇంకో బడిలో ఇంటర్వ్యూకి సర్దుకున్న సంచి. ఇక్కడ ఉంచుతారన్న నమ్మకం లేక, ఇంట్లో అమ్మ పోరు పడలేక, చాటుగా వెళ్ళబోతున్న ఇంటర్వ్యూ.

ఇవాళ్టికి చాలేమోనని నసిగింది.

"ఇంకా ఉన్నాయిగా, తీయనివ్వండి," అన్నారు పెద్ద మేడమ్.

పాలిష్ పెట్టిన బూట్లు వచ్చాయి. పాటల పోటీకి వెళ్ళే అమ్మాయి అన్నారు, పెళ్ళికూతురి అక్క అన్నారు, ఒకడైతే దొంగ అన్నాడు. టీచరమ్మ హాయిగా కాదు, కాదు అంటూ వచ్చింది. అంతలో సర్టిఫికెట్ల ఫైలు బయటపడింది. గబుక్కున దాని మీద చెయ్యి వేసి, ఫైలు తెరవకూడదు, పైనుంచి చూసే చెప్పాలి అంది.

"ఆ రూలు ఎప్పుడొచ్చింది టీచర్?" అని లేచింది, క్లాసంతా లాయరు అని పిలిచే పిల్ల. బూట్ల వైపూ టీచరమ్మ కాళ్ళ వైపూ మార్చి మార్చి చూసింది.

"మా అన్నయ్య ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు ఇవే సర్దుకున్నాడు. బూట్లు మీ సైజే ఉన్నాయి. తెరవొద్దంటున్నారంటే లోపల మీ పేరుంది. మీరు వేరే బడికి వెళ్ళిపోతున్నారు. అవునా, కాదా టీచర్?"

టీచరమ్మ కాదంటే బాగుండునని ఆ పిల్ల ముఖమంతా రాసి ఉంది. వెనక ఏదో రాసుకుంటున్న పెద్ద మేడమ్ పెన్ను ఆగిపోయింది.

అవునంటే ఉద్యోగం గోవిందా. కాదంటే, ఇంత చక్కగా ఆలోచించిన పిల్ల రేపటి నుంచి తన కళ్ళను తానే నమ్మదు. క్లాసంతా టీచరమ్మ నోటికేసే చూస్తోంది.

మీరైతే ఏమంటారు?