పసుపు జెండా

పంద్రాగస్టు నాడు వాదిరాజ్ బంధువులందరినీ కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌కు పిలిచి, మేడమీద జెండా ఎగరేశాడు. పిల్లలు లడ్డూల కోసం కాచుకుని ఉంటే ఉపన్యాసం అందుకున్నాడు. చిమ్నీ బూడిద లడ్డూల మీద పడుతున్నా ఆ నోటికి అడ్డూ అదుపూ లేదు.

"నలభై ఏడుల గిదే దినం మీ తాత వెంకోబరావు రాయచూరుల జెండా ఎగరేసిండు!"

ఆ వెంకోబరావును కట్టుకున్న రామాబాయికి ఒళ్లు మండింది. అప్పటికి కడుపునైనా పడని కొడుకు, చూసొచ్చినట్టు చెబుతున్నాడు!

వాదిరాజ్ కూతురు రక్షిత అడ్డుతగిలింది. "అప్పుడు రాయచూరు నిజాం చేతిల ఉండె గదా నాన్నా? మా బుక్కుల ఉంది."

"అందుకే మీ తాతది అంత ధైర్యం!"

"ఏం ధైర్యంరా?" అంది రామాబాయి. "నిజాం కచేరిల గుమాస్తా మీ నాయన. ఆ దినం నిజాం పసుపు జెండాకు వంగి వంగి సలాం కొట్టొచ్చి, కడుపునిండ తిని పండిండు. మూడు రంగుల జెండా మరుసటేడు ఇండియా మిలిట్రీ వచ్చినాంక కొన్నడు. ఇంట్ల పసుపు జెండాను మసిగుడ్డ చేసింది నేను."

వాదిరాజ్ మొహం మాడిపోయింది. "పిల్లల ముందట గీ మాటలెందుకమ్మా?"

రామాబాయి లడ్డూల మీది బూడిదను ఉఫ్‌మని ఊదింది.

"మరి పిల్లల ముందట ఆ అబద్ధమెందుకురా?"