రాయి లేని చోట

"నేనస్తే ఏం తొక్కాలె?" అన్నాడు రమణ, మస్కట్ నుంచి ఫోన్లో.

ఆదివారం పొద్దున. ఊర్మిల పీట మీద నిలబడి పప్పు కలుపుతోంది. వంటింటి గద్దె ఆమె నడుముకు కాదు, ఛాతీకి వస్తుంది. అందుకే పీట. ఇల్లు కట్టేటప్పుడు గద్దె ఎంత ఎత్తు పెట్టాలని మేస్త్రి అడిగితే రమణ ముందుకొచ్చి నిలబడ్డాడు. మేస్త్రి ఆయన నడుము చూసి గోడ మీద గీత గీశాడు. పదకొండేళ్లలో రమణ ఆ గద్దె మీద చాయ కూడా పెట్టలేదు. ఆమె మాత్రం పదకొండేళ్లుగా పీట మీద నిలబడే వండుతోంది.

సైకిల్ మారుస్తున్నానని నిన్న తనే చెప్పింది. చెప్పకుండా చేసినా పోయేది. కానీ సంతోషం లోపల ఆగలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది, మొగునికి చెప్పింది. ఆయన రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఈ మాట అన్నాడు. ఆయన వచ్చేది రెండేళ్లకొకసారి, నలభై రోజులు. ఆ నలభై రోజులూ దోస్తుల మోటార్ సైకిళ్ల వెనక కూర్చుని తిరుగుతాడు. సైకిల్‌ను ముట్టడు. అయినా ఇంట్లో ఉన్న సైకిల్ ఆయన కాళ్లకు సరిపోవాలి. ఆరు వందల తొంభై రోజులు తొక్కేవాళ్ల కాళ్ల సంగతి ఆయన అడగలేదు.

పప్పు మాడుతుందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

అత్త దేవవ్వ గడపలో కూర్చుని అంతా విన్నది. ఆమెకు మాట ఎక్కడ తగలాలో తెలుసు.

"మొగడద్దన్నడని నేనంటలేను" అన్నది మెల్లగా. "అది మీ బాపు ప్రేమతోని ఇచ్చిన సైకిలు. పరాయోళ్ల చేతుల పెట్టి అస్తవా? ముసలాయనకు తెలుస్తె ఎంత నొస్తదో సూసుకో."

ఆ భయం ఊర్మిలకూ ఉన్నది.

అది బాపు సైకిలే. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డుకు ఇరవై మూడేళ్లు దాని మీదే పోయాడు. నల్లటి సైకిల్, ఇరవై నాలుగు ఇంచుల ఫ్రేమ్, ముందర ఎత్తుగా అడ్డం రాడ్డు. గేర్లు లేవు, ఉన్నది ఒక్కటే వేగం, అది కాళ్లలో ఉండాలి. చైన్ కవర్ మీద తెల్ల పెయింటుతో సాంబయ్య అని బాపు పేరు. చిన్నప్పుడు ఆమె కాలు రాడ్డు కింద నుంచి దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి నేర్చుకున్నది దాని మీదే. పోస్టాఫీసులో డాక్ సేవక్ ఉద్యోగం వచ్చిన రోజు బాపు దాన్ని బస్సు టాప్ మీద వేయించుకుని కోరుట్లకు తెచ్చి, అక్కడి నుంచి ఈ ఊరిదాకా నడిపించుకుంటూ వచ్చాడు. ఎక్కి ఎందుకు రాలేదని ఆమె అప్పుడు అడగలేదు.

ఆ సైకిల్ మీద మూడు ఊళ్లు తిరుగుతుంది. సంచిలో ఎక్కువగా పాస్‌పోర్టులే. గల్ఫ్ పోయేవాళ్లు వాకిట్లోనే ఎదురు చూస్తుంటారు. సంచి భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డా, పోస్టుమ్యాన్ రాలేదా అని ఆమెనే అడిగేవాళ్లున్నారు. రమణ పాస్‌పోర్టు కూడా ఆమే తెచ్చి ఆయనకిచ్చింది. సంతకం పెట్టించుకున్నది.

సీటు ఎంత కిందికి దించినా ఆమె కాలు నేలకు అందదు. పెడల్ కిందికి పోయినప్పుడల్లా నడుము ఎడమకోసారి, కుడికోసారి జారుతుంది. సాయంత్రానికి తుంటి నొప్పి. అందుకని రాళ్లు పెట్టుకున్నది. పెట్టుకున్నదంటే ఎక్కడ ఏ రాయి ఉందో చూసి పెట్టుకున్నది. లచ్చయ్య ఇంటి ముందు బట్టలుతికే బండ. కల్వర్టు పిట్టగోడ. చర్చి గేటు పక్కన అరుగు. కాలు ఆనించడానికి ఎత్తు ఉన్నచోటే ఆగుతుంది. రాయి లేని ఇంటి ముందు ఆగలేదు, దాటిపోయి, ఎక్కడో దిగి, వెనక్కి నడిచొస్తుంది. ఊరు అందరికీ ఇళ్ల వరసలో గుర్తుంటుంది, ఆమెకు రాళ్ల వరసలో గుర్తుంది. దారిలో రమణ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకు ఎత్తవని అడిగితే రాయి దొరకలేదని చెప్పేది. ఆయనకు అర్థం కాలేదు. సాకులు చెప్తుందనుకున్నాడు.

పోయిన నెల లచ్చయ్య వాకిట్లో సిమెంటు రోడ్డు పోశారు. బండను పక్కకు దొర్లించారు. ఊర్మిల అలవాటు కొద్దీ అక్కడే బ్రేకు వేసి ఎడమ కాలు చాపింది. కాలి కింద బండ లేదు. సైకిల్‌తో సహా పడింది. లచ్చయ్య ఇంటి అరుగు మీద నలుగురు మగవాళ్లున్నారు. ఒకాయన నవ్వి, స్కూటీ కొనియ్యమని మీ ఆయనకు చెప్పరాదా అన్నాడు. ఆమె మోకాలు చూసుకోలేదు. ముందు సంచి చూసుకున్నది. తర్వాత సైకిల్ లేపి దాన్నే తిట్టింది. తిట్టినందుకు ఏడుపొచ్చింది.

వంగిన పెడల్ సరిచేయించడానికి కోరుట్లలో మల్లేశం దుకాణానికి పోయింది. ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి. పెడల్ చూడకుండా ఆమెనే చూశాడు.

"చెల్లె, గీ సీటు సంకల పెట్టుకో. చెయ్యి సక్కగ చాపు. వేళ్లు పెడల్ ఇరుసుకు తాకాలె."

ఆమె సీటును చంకలో ఇరికించుకుని చెయ్యి చాపింది. ఇరుసుకు వేళ్లు బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. ఇంకా చాపింది. భుజం నొప్పి పుట్టింది తప్ప అందలేదు.

"ఇన్నేండ్లు ఎట్ల తొక్కినవే" అన్నాడు మల్లేశం. తిట్టినట్టు లేదు. బాధపడ్డట్టు ఉంది.

ఆమె నవ్వింది. తొక్కడం రాదనుకున్నాను అన్నా, అన్నది. నిజంగా అంతే అనుకున్నది. పొట్టిదాన్నని, ఆడదాన్నని, ఒంట్లో బలం లేదని. సైకిల్ పెద్దదని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆమె కొలతకు సరిపోయే సైకిల్ ఒకటుందని, దాని మనిషి పెద్ద సైకిల్‌తో మార్చుకోవడానికి ఆదివారం వస్తుందని మల్లేశం ఫోన్ చేసినప్పటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. ఇవాళ కాకపోతే ఆ మనిషి జగిత్యాల పోతుంది, అక్కడ వేరే బేరం ఉన్నది.

అన్నం వార్చి, అత్తకు కంచంలో పెట్టి, ఊర్మిల బయల్దేరింది.

మల్లేశం దుకాణం ముందు ఒకామె నిలబడి ఉంది. రేకు తలకు తగులుతుందేమోనని మెడ వంచుకుని నిలబడే అలవాటున్న మనిషి. పేరు ఉమారాణి. జగిత్యాల ఆమె, ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పక్కన పచ్చ రంగు లేడీస్ సైకిల్, ముందు రాడ్డు కిందికి వంగి ఉన్నది.

"మా అన్న కొనిచ్చిండక్కా. ఆడోళ్లకు ఒకటే సైజు ఉంటదనుకున్నడు" అన్నది ఉమారాణి. "తొక్కితె మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుంటయి. మోకాళ్లు పక్కకు తీసి కప్ప లెక్క తొక్కుత. పొల్లగాండ్లు ఎనకవడి బెకబెక అంటరు."

ఊర్మిలకు నవ్వు ఆగలేదు. ఉమారాణికి కూడా ఆగలేదు. మల్లేశం ఇద్దరినీ కొలత పెట్టమన్నాడు. ఊర్మిల పచ్చ సైకిల్ సీటు చంకలో పెట్టుకుని చెయ్యి చాపింది. మధ్యవేలు పోయి ఇరుసు మీద ఆనింది. గ్రీజు అంటింది. ఆమె వేలు తియ్యలేదు. అటుపక్క ఉమారాణి నల్ల సైకిల్‌కు చెయ్యి చాపితే అది కూడా సరిగ్గా ఆనింది. ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు పక్కన సైకిల్ సీట్లను చంకలో పెట్టుకుని నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు.

మల్లేశం రెంచీ తీశాడు. నల్ల సైకిల్‌కున్న బాపు బెల్లు విప్పి పచ్చ సైకిల్‌కు బిగిస్తానన్నాడు. బెల్లు నువ్వే ఉంచుకో అక్కా అన్నది ఉమారాణి. అప్పుడు ఊర్మిలకు చైన్ కవర్ మీద పేరు కనిపించింది. అత్త మాట గుర్తొచ్చింది. ఒక్క నిమిషం అన్నా అని పక్కకు పోయి సిరిసిల్లకు ఫోన్ చేసింది.

సైకిల్ మంచిదే బాపూ, నాకే కొంచెం పెద్దగైతుంది అన్నది. మగ్గాల చప్పుడుకు బాపు చెవులు సగం పోయాయి. వినబడలేదేమోననుకుని మళ్లీ చెప్పబోయింది.

"ఇనవడ్డది బిడ్డా" అన్నాడు సాంబయ్య. "అది నాకు గూడ పెద్దదే. షెడ్డు యజమాని ఎత్తు మనిషి, ఆయనది పాతగయినంక నాకిచ్చిండు. ఇచ్చినదాన్ని పెద్దగున్నదని ఎట్లంటం? ఇరవై మూడేండ్లు ఎన్నడన్న సీటు మీద సక్కగ కూసున్ననా నేను? మార్చుకో. జల్ది మార్చుకో."

ఆమె వెనక్కి వచ్చి, ఇచ్చేయ్ అన్నా, అన్నది.

ఉమారాణి నల్ల సైకిల్ ఎక్కింది. మెడ నిటారుగా అయింది. రెండు పెడళ్లు తొక్కి, వెనక్కి చూసి, చెయ్యి ఊపి, సాంబయ్య పేరుతో పాటు బస్టాండు మలుపు తిరిగింది.

ఊర్మిల పచ్చ సైకిల్ మీద కూర్చుంది. కూర్చుంది, అంతే. నడుము జారలేదు. కోరుట్ల దాటాక రోడ్డు ఖాళీ అయింది. రెండు పక్కలా వరి. పెడల్ పూర్తిగా కిందికి పోయినా మోకాలు ఇంకా కొంచెం వంగే ఉంది. ఒంట్లో ఇంత బలం ఎక్కడుండింది ఇన్నాళ్లు? బ్రేకు వేసింది. రెండు కాళ్లూ నేల మీద ఆనాయి. మళ్లీ పోయింది. మళ్లీ ఆగింది. కల్వర్టు దాటాక, పిట్టగోడ లేనిచోట, కావాలనే ఆగింది. రోడ్డు మీద మక్కలు ఎండబోసుకున్న ముసలాయన లేచి వచ్చి, చైన్ పడ్డదా బిడ్డా అని అడిగాడు.

"ఏం పడలే తాతా. ఊకెనే ఆగిన."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె బెల్లు కొట్టి సాగిపోయింది. రేపు మేస్త్రిని పిలవాలి. గద్దె జానెడు కొట్టించాలి. ఈసారి గోడ పక్కన తనే నిలబడాలి.

సంచిలో ఫోన్ మోగింది. రమణే. అదే ప్రశ్న, జవాబు కోసం. ఆయన సైజు సైకిళ్లు మల్లేశం దగ్గర ఎన్నో ఉన్నాయి, వచ్చినప్పుడు పోయి చెయ్యి చాపి చూసుకోమనాలి. ఇంటికి పోయి చెప్తుంది.

ఫోన్ మోగుతూనే ఉంది. ముందర దారి పల్లానికి ఉన్నది, ఎదురుగాలి లేదు. ఇప్పుడు ఆమెకు రాయి అక్కర్లేదు. ఎక్కడైనా ఆగగలదు.

ఆగలేదు.