మొదటి విస్తరి

వలతాత ఆరాధన నాడు ఈ దీవిలో, మా జంగ్లీఘాట్‌లో ఎవరూ చేపల వేటకి వెళ్ళరు. సముద్రానికి అవతల, భీమిలిలో వలలు అల్లుకుంటూ తత్వాలు పాడి, అక్కడే సమాధి అయిన తాత ఆయన. ఆయన చెక్క పాదుకల్ని మా పెద్దలు ఇక్కడికి వచ్చేటప్పుడు ఓడలో తెచ్చుకున్నారు. అవి ఏడాదికొకరి ఇంట్లో ఉంటాయి. ఏడాది చివర ఆరాధన కూడా ఆ ఇంట్లోనే. తాత పెట్టిన నియమం ఒక్కటే. పాదుకలున్న ఇంటివాళ్ళు తమతో మాటల్లేని మనిషిని పిలిచి మొదటి విస్తరి వెయ్యాలి. ఆ మనిషి తిన్నాకే భజన మొదలవుతుంది. క్షమించమని తాత ఎక్కడా చెప్పలేదు. వడ్డించమన్నాడు, అంతే.

దాన్ని మావాళ్ళు ఏం చేశారో చెబితే సిగ్గుచేటు. ఆరాధన దగ్గర పడగానే తోడికోడలితోనో పక్కింటావిడతోనో నీళ్ళ బిందెల దగ్గర ఉత్తుత్తి తగాదా పెట్టుకుంటారు. ఆవిడ నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, ఆ వేళకి నవ్వుతూ వచ్చి భోంచేస్తుంది. తాత కళ్ళకే గంతలు కట్టే ఘటాలు!

ఆ ఏడు పాదుకలు మా పక్కింటి ఎరుకమ్మ దగ్గరున్నాయి. ఆమెతో మాటల్లేని మనిషి ఒక్కడే, నూకన్న. ఆమె భర్త అసిరయ్య, ఈ నూకన్న ఒకే పడవలో వేటకెళ్ళేవాళ్ళు. ఓ గాలివానలో పడవ తిరగబడి నూకన్న ఒక్కడే ఒడ్డుకి చేరాడు. "మా ఆయనేడీ?" అని ఎరుకమ్మ అడిగితే తల దించుకున్నాడే గానీ నోరు విప్పలేదు. ఆనాటి నుంచి ఆమె అతని ముఖం చూడలేదు. అతను సముద్రమే మానేసి చాతం రంపపు మిల్లులో కూలికి చేరాడు.

మా భజన పెద్ద రమణయ్య ఆమెకి సులువు దారి చెప్పబోయాడు.

"ఆ పాత ఝగ్డా ఇప్పుడెందుకు సెల్లీ, చోడో, ఒదిలీ. మన గురువమ్మతో ఉత్తుత్తిగా ఓ మాటనుకో. అదే వచ్చి తినీసి పోద్ది."

ఆ గురువమ్మని నేనే. ఒళ్ళు మండింది నాకు. నేనేమైనా నాటకాలదాన్నా? నేను నోరు తెరిచేలోపే ఎరుకమ్మ అంది. "నూకన్నకి కబురెట్టు."

అతను రాడనే అనుకున్నాం. వచ్చాడు. మనిషి సగమైపోయాడు. పాదుకల ముందు కూర్చోబెట్టి, అరిటాకు వేసి, నీళ్ళు చల్లి, ఎరుకమ్మ అన్నం, పప్పు వడ్డించింది. నేను పక్కన గుమ్మడికాయ పులుసు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

నూకన్న అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఒదినా, ఇది నోట్లోకెల్దు. ఆ రోజు నీకు సెప్పనేదు. తిరగబడ్డ పడవ పట్టుకుని యేలాడతన్నాం. అన్న సెయ్యి నా సేతిలో ఉంది. ఇద్దరం పోతామని బయమేసింది. జారిపోనేదు ఒదినా. నానే ఒదిలీసినాను."

నాకైతే ఆ పులుసు గిన్నె అతని నెత్తిన కుమ్మరించాలనిపించింది. అసిరయ్య ఎంత మంచివాడు! ఎరుకమ్మ పడిపోతుందేమోనని నేను భుజం పట్టుకోబోతే విదిలించుకుంది. వంగి, అతని ఆకులో ఇంకో గరిటెడు అన్నం వేసింది.

"నువ్వు తల దించుకున్న రోజే నాకు తెలిసిపోనాది. తిను."

అతను తిన్నాడు. ఏడుస్తూనే, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, అతను చెయ్యి కడుక్కునేదాకా చూసింది. ఆ తరవాత భజన జరిగింది. అంత దుఃఖంగా మేమెప్పుడూ పాడలేదు.

హారతి అయ్యాక, పాదుకల్ని తరవాతి ఇంటికి చేర్చడానికి రమణయ్య పళ్ళెం ఎత్తబోయాడు. ఎరుకమ్మ దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"వచ్చే యేడు కూడా మా ఇంట్లోనే ఉండనీ అన్నా," అంది. "ఆడిని నానింకా మన్నించనేదు. మళ్ళీ పెట్టాల."