అరంగుళం

ముసునూరు సెంటర్లో టైర్ల షాపు నడిపే షాలోమికి సువర్ణరాజంటే గౌరవమే. మామిడితోటలో ఒక్క చుట్టు తిరిగొచ్చి ఇన్ని టన్నుల కాపు అని చెప్పేస్తాడాయన. కోతలయ్యాక కాటా కూడా అదే మాట చెబుతుంది. తోటలు కొనేవాళ్లంతా ఆయన నోటి వంకే చూస్తారు. అంత కన్నున్న మనిషికి టేపుతో పనేముంది? ఏదైనా జానతోనే కొలుస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఉదయం తన ట్రాక్టరు ట్రక్కు కోసం మైలవరం పాతినుప కొట్లో ఒక రిమ్ము కొనుక్కొచ్చాడు. మట్టి ఎత్తే చిన్న మెషిన్‌ది. దాని పక్కన కొత్త టైరు పడేశాడు.

"ఎక్కించెయ్యమ్మాయ్. కోసిన కాయ తోటలోనే ఉంది."

షాలోమి వైరు బ్రష్షుతో తుప్పు గీకి చూసింది. టైరు మీద పదహారు. రిమ్ము మీద పదహారున్నర.

"కుదరదు బాబాయ్. అరంగుళం తేడా ఉంది."

"జానేసి చూసుకునే తెచ్చాను. అరంగుళానికి ఇంత రాద్ధాంతమా?"

"ఎక్కడం ఎక్కుద్ది, కూర్చోదు. గాలి కొట్టేకొద్దీ టైరు అంచులో తీగలు తెగి పేలిపోద్ది. పక్కనున్నోడు దక్కడండీ."

"నలభయ్యేళ్లుగా నా కన్ను తప్పింది లేదు. నువ్వా నాకు చెప్పేది?"

మహానుభావుడు! పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆమె ఇంకో బండికి జాకీ పెట్టి వచ్చేసరికి తానే కడ్డీలతో టైరు ఎక్కించేసి, గాలి పైపు తగిలించి, మోకాళ్ల మీద కూర్చుని దాని మీదికి వంగి చూస్తున్నాడు. టైరు అంచు ఒకవైపు పైకొచ్చింది, రెండోవైపు లోపలే ఉండిపోయింది.

"ఇంకాస్త కొడితే టప్పున కూర్చుంటది," అన్నాడు.

షాలోమి పరుగున వెళ్లి గాలి కట్టేసింది. ఆయన్ని రెక్క పట్టి పక్కకి లాగి, వాల్వు పిన్ను పీకేసింది. టైరు బుస్సుమంటూ ఖాళీ అయింది.

"ఓహో! చింతలపూడి రోడ్డులో ఇంకో షాపు లేదనుకున్నావా?" అంటూ ఆయన చక్రం దొర్లించబోయాడు.

అక్కడ ఎక్కిస్తారు. ఈయన మాటకి ఎదురుచెప్పే దమ్ము వాళ్లకి లేదు. ఆ సంగతి తెలుసు గనకే షాలోమి రంపం బ్లేడు తీసుకుని, అందరూ చూస్తుండగా కొత్త టైరు అంచుని తీగలతో సహా కోసేసింది. రిపేరుకొచ్చిన వస్తువుని పాడుచేయడం ఆమె వంశంలోనే లేదు. ఇంకో టైరిస్తానన్నా ఆయన వినలేదు.

"నీ గడప ఎవడు తొక్కుతాడో చూస్తా!" అన్నాడు.

అన్నంతా చేశాడు. మామిడి సీజను నడుస్తున్నా తోట బళ్లు ఒక్కటీ ఆమె షాపు దగ్గర ఆగడం లేదు. పైగా ఆయన రోజూ పొద్దున్నే ట్రాక్టరు స్లో చేసి మరీ, "టైర్లు కోసే మహాతల్లీ!" అని అరిచి పోతాడు. ఆమెకి ఒళ్లు మండుతుంది.

నిన్న ఎనిమిదైనా ట్రాక్టరు రాలేదు. తొమ్మిదైంది. ఎక్కడో ఇంకో పదహారు టైరు కొని ఆ రిమ్ముకే ఎక్కించేశాడేమోనన్న భయంతో ఆమె చేతిలో పని పక్కన పెట్టేసింది. టీ ముందు పెట్టుకుని రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. పదింటికి వచ్చాడు. ఎప్పటికన్నా గట్టిగా తిట్టి పోయాడు.

షాలోమి చల్లారిన టీ తాగి లేచింది.